అమ్మాయికి టీవీ చానల్‌లో ఉద్యోగం వచ్చింది, పంపమంటారా?

కావలి బస్టాండు

ఈ చర్చా వేదికలో అందరికీ నమస్కారం. నాకు కావలిలో పుస్తకాల కొట్టు ఉంది. కొట్టు మూసి వచ్చాక అన్నం తింటూ టీవీ చూడటమే తప్ప దాని వెనక ఎవరుంటారో నేనెన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించక తప్పడం లేదు.

మా పెద్దమ్మాయి నెల్లూరులో డిగ్రీ, విశాఖలో జర్నలిజం పీజీ చేసింది. హైదరాబాదులో ఒక వినోద చానల్ వాళ్ళు షెడ్యూలింగ్ విభాగంలో ట్రైనీగా రమ్మన్నారు. ఏ కార్యక్రమం ఎన్ని గంటలకు రావాలో పట్టిక వేసే పనట. దానికి పీజీ ఎందుకు, రైల్వే టైమ్‌టేబుల్ లాంటిదే కదా అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. జీతం చూస్తే మా గుమాస్తాకు నేనిచ్చేదాని కంటే కాస్త ఎక్కువ, అంతే. హాస్టలుకే సగం పోతుంది.

మా బావమరిది నంద్యాల పంపి బ్యాంకు పరీక్షలకు కోచింగ్ ఇప్పించమంటున్నాడు. అమ్మాయేమో "ఇరవై ఏళ్ళకు చానల్ హెడ్‌నవుతాను నాన్నా" అంటోంది. ఆ చానల్ హెడ్ అనే మనిషి ఏం చేస్తాడు, ఎలా అవుతాడు, అయ్యాక ఎన్నాళ్ళుంటాడు? తెలిసినవాళ్ళు చెప్పండి. జూన్ ఒకటికి చేరాలి.

సింగరాయకొండ స్టేషను

అన్నగారూ, నేను చెన్నైలో వీడియో ఎడిటర్ని. మా గదిలో నలుగురం ఉంటాం, టీవీ లేదు. మా స్నేహితుల గదుల్లోనూ లేదు. ఇరవై ఏళ్ళకు హెడ్ అయ్యే నాటికి కింద చానల్ ఉండాలి కదా. బావమరిది మాట వినండి.

అట్లకాడ

నీ గదిలో టీవీ లేకపోతే చానళ్ళు మూసేస్తారా నాయనా? రాత్రి ఏడున్నరకు కందుకూరు వచ్చి మా వీధిలో నడిచి చూడు. మొదటి ఇంటి దగ్గర అత్తగారు మొదలుపెట్టిన తిట్టు పదో ఇంటి దగ్గరకు వచ్చేసరికి పూర్తవుతుంది, మధ్యలో ఒక్క ముక్క కూడా పోదు. అన్ని ఇళ్ళల్లోనూ అదే సీరియల్.

ఆ చానల్ హెడ్ ఎవరో దొరికితే మాత్రం నేనూ ఒక మాట అడగాలి. మా అత్తగారు ఆసుపత్రిలో చేరిన రోజు సీరియల్‌లో ఒక పెళ్ళి మొదలైంది. ఆవిడ పెద్దకర్మ అయిపోయింది, ఆ పెళ్ళి ఇంకా తాళి దాకా రాలేదు.

పాత డిష్

కావలి అన్నగారూ, నేను నెల్లూరు మూలాపేటలో 1993 నుంచి 2019 దాకా కేబుల్ నడిపాను. చానల్ హెడ్‌లను పైనుంచి చూసినవాడిని కాను. వాళ్ళు పైకి వెళ్ళక ముందు మా గుమ్మంలో నిలబడి ఉండగా చూశాను.

మొదట సంగతి చెప్పాలి. కేబుల్ రాక ముందు మన వైపు టీవీ అంటే మిద్దె మీద నిట్టనిలువు ఇనుప గొట్టం, దాని కొసన ఆంటెన్నా, దాని మొహం మద్రాసు వైపు. మద్రాసు దూరదర్శన్ 1975లోనే వచ్చింది, హైదరాబాదు కేంద్రం 1977లో. సూళ్ళూరుపేట, గూడూరు వాళ్ళకు మద్రాసే దగ్గర. శుక్రవారం సాయంత్రం 'ఒలియుం ఒళియుం' చూసి, మాట అర్థం కాకపోయినా అరవ పాటలు నేర్చుకున్న తరం మాది.

1995లో జెమిని, ఈటీవీ వచ్చాక కథ మారింది. చానల్ తరఫున ఒకాయన విజయవాడ నుంచి పినాకినిలో దిగేవాడు. డిస్ట్రిబ్యూషన్ ఎగ్జిక్యూటివ్, అంటే మాలాంటి కేబుల్ వాళ్ళ ద్వారా చానల్‌ను ఇళ్ళకు చేర్చే మనిషి. ఆ రోజుల్లో చాలా ఇళ్ళల్లో సెట్టుకు ఎనిమిదో పన్నెండో బటన్లు. మొదటి బటన్లలో ఏది ఉంటే అదే చూసేవాళ్ళు. హైపర్ బ్యాండులో, అంటే పై ఫ్రీక్వెన్సీల్లో, వేసిన చానల్ పాత సెట్టులో అసలు పట్టేది కాదు, పట్టినా చుక్కలు. హైదరాబాదులో వాళ్ళు ఎంత గొప్ప కథ తీసినా, మా హెడ్‌ఎండ్ గదిలో, అంటే డిష్ సిగ్నల్ పట్టి ఇళ్ళకు పంపే గదిలో, మాడ్యులేటరు మీద నేను పెట్టే నంబరే తేల్చేది.

మిగతా చానళ్ళ మనుషులు స్వీటు డబ్బాతో వచ్చి, టీ తాగి, నంబరు అడిగి వెళ్ళేవాళ్ళు. ఈయన ముందు మా లైన్‌మన్‌తో కలిసి సైకిల్ మీద వీధులు తిరిగేవాడు. ఒక్కో గుమ్మం ముందు ఆగి "అమ్మా, మీ టీవీలో మా చానల్ ఎన్నో నంబరు? ఎప్పుడు చూస్తారు?" అని అడిగి చిన్న డైరీలో రాసుకునేవాడు. సంతపేటలో ఒకావిడ "పప్పు ఉడికేటప్పుడు వస్తుంది, వంటింట్లోంచి వింటాను" అంది. మా లైన్‌మన్ నవ్వాడు. ఈయన నవ్వలేదు, అదీ రాసుకున్నాడు. తరవాత నేను అడిగితే చెప్పాడు: "ఎనిమిదింటికి ఆ ఇంట్లో పొయ్యి ఆరలేదు. కాబట్టి ఎనిమిదింటికి కంటితో చూడాల్సిన కథ పెడితే పోతుంది. చెవితో విన్నా అర్థమయ్యే కథ పెట్టాలి."

ఆ డైరీ మనిషి పన్నెండేళ్ళకు ఒక చానల్‌కు బిజినెస్ హెడ్ అయ్యాడు. పేరు చెప్పను. కాబట్టి మీ అమ్మాయిని షెడ్యూలింగ్ గదిలో కూర్చోబెట్టకండి, డిస్ట్రిబ్యూషన్‌లో చేరమనండి.

దుర్గం మెట్లు

పాత డిష్ గారూ, డైరీ కథ బాగుంది. కానీ మీరు చెప్పిన సలహాకు అదే కథ అడ్డం వస్తోంది. ఆయన పైకి వెళ్ళింది నంబరు సంపాదించినందుకు కాదు, పప్పు ఉడికే వేళ పట్టుకున్నందుకు. అది షెడ్యూలింగే.

నాది ఉదయగిరి. 1997 నుంచి 2021 దాకా మూడు చానళ్ళలో పనిచేశాను, చివరి ఆరేళ్ళు ప్రోగ్రామింగ్ హెడ్‌గా. చానల్ హెడ్‌ని కాలేదు. ఎందుకు కాలేదో చివర చెబుతాను.

కావలి అన్నగారూ, రైల్వే టైమ్‌టేబుల్ అన్నాక రెండు రోజులకే మాట్లాడిందంటే మీ అమ్మాయి మంచిపిల్ల. ఆ పట్టికను మేము ఫిక్స్‌డ్ పాయింట్ చార్ట్, పొట్టిగా ఎఫ్‌పీసీ అంటాం. వారానికి 168 గంటలు నింపాలి. అందులో కొత్త సరుకు కొంతే, మిగిలింది రిపీట్లు, పాత సినిమాలు. అరగంట స్లాటులో కథ 22, 23 నిమిషాలు ఉంటుంది. తక్కినది ప్రకటనలు, ప్రోమోలు. గంటకు ప్రకటనలు 10 నిమిషాలు, చానల్ సొంత ప్రచారం 2 నిమిషాలు, అంతకు మించకూడదని కేబుల్ టీవీ నిబంధనల్లో రాసి ఉంది. రాసి ఉందని మాత్రమే చెప్పగలను.

మెట్లు ఇలా ఉంటాయి. ట్రైనీ, అసిస్టెంట్, ఆపైన ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్. ఈపీ అంటాం. ఈపీ అసలు పని సీరియల్ తీసే నిర్మాణ సంస్థకూ చానల్‌కూ మధ్య నలగడం. హీరోయిన్‌కు సినిమా అవకాశం వచ్చి వెళ్ళిపోతే కథలో ఆమెను ఏ లోయలో పడేయాలో, ఎన్ని వారాలకు వేరే మొహంతో తిరిగి తేవాలో తేల్చేది ఆ మనిషే. చేతిలో తయారై ఉన్న ఎపిసోడ్లను 'బ్యాంకు' అంటాం. బ్యాంకు పది ఉంటే ఈపీ ఇంటికి వెళ్ళి భోంచేస్తాడు. మూడుకు పడితే షూటింగ్ దగ్గరే పడుకుంటాడు. ఒకటికి పడితే ఎడిటింగ్ గది బయట నిలబడి, టేపు చేతికి రాగానే పరిగెత్తేవాళ్ళం. ఇప్పుడు టేపు లేదు, ఫైలు పంపితే చాలు. పరుగు తప్పింది, భయం తప్పలేదు.

ఈపీ పైన సీరియళ్ళు చూసుకునే ఫిక్షన్ హెడ్, పాటలూ ఆటల షోలు చూసుకునే నాన్ ఫిక్షన్ హెడ్, వాళ్ళిద్దరి మీద ప్రోగ్రామింగ్ హెడ్. ఆపైన చానల్ హెడ్. పెద్ద నెట్‌వర్కుల్లో బిజినెస్ హెడ్ అంటారు. ప్రోగ్రామింగ్, మార్కెటింగ్, ఆదాయం అన్నిటి లెక్కా ఆ మనిషి చెప్పాలి. ఆ మనిషి చెప్పేది పై ఊళ్ళో ఉండి కొన్ని చానళ్ళను కలిపి చూసుకునే క్లస్టర్ హెడ్‌కు. ఆయనకు తరచూ తెలుగు రాదు.

కావలి బస్టాండు

దుర్గం మెట్లు గారూ, ధన్యవాదాలు. మీ మాట మా బావమరిదికి చదివి వినిపించాను. "బ్యాంకు మూడుకు పడింది" అన్న చోట ఆపి, ఏ బ్యాంకు అని అడిగాడు. మళ్ళీ మొదటి నుంచి చదవాల్సి వచ్చింది.

ఏ కార్యక్రమాన్ని ఎందరు చూశారో చెప్పే ఆ రేటింగుల సంగతి కూడా చెప్పండి. మా ఇంట్లో ఎప్పుడూ ఎవరూ వచ్చి అడగలేదు. మరి మేము చూసింది ఎవరికి తెలుస్తుంది?

దుర్గం మెట్లు

మీరు చూసింది ఎవరికీ తెలియదు. మీలాంటి ఇల్లు ఒకటి ఎక్కడో ఉంటుంది, దాన్నిబట్టి మిమ్మల్ని లెక్కిస్తారు.

ఎంపిక చేసిన ఇళ్ళల్లో మీటరు పెడతారు. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో బటన్. టీవీ ముందు కూర్చుంటే నొక్కాలి, లేచి వెళ్తే మళ్ళీ నొక్కాలి. ఆ ఇళ్ళేవో చానళ్ళకు తెలియకూడదు, అది కట్టుబాటు. ఒకప్పుడు ఈ లెక్క టామ్ సంస్థది, 2015 నుంచి బార్క్‌ది. బార్క్ 2015 అక్టోబరులో పల్లెల లెక్క కూడా కలపడం మొదలుపెట్టింది. ఆ లెక్క మొదటిసారి చేతికి వచ్చిన గురువారం నాకు బాగా గుర్తు. అంతదాకా పట్నం బటన్లతో బతికిన వాళ్ళం, ఒక్క వారంలో పల్లె మా పట్టిక మొత్తం తిరగేసింది. మధ్యాహ్నం వేళ ఎన్నోసారో వేసిన పాత సినిమా మేము అంత ఖర్చు పెట్టిన కొత్త షో కంటే పైన ఉంది. మా మార్కెటింగ్ ఆయన కంప్యూటర్ చెడిపోయిందనుకున్నాడు.

లెక్క గురువారం వస్తుంది. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకు వారం గురువారంతో మొదలై బుధవారం రాత్రి నిద్రపట్టకపోవడంతో ముగుస్తుంది. ఒక గురువారం మా తొమ్మిది గంటల సీరియల్ పడింది. కాస్తో కూస్తో కాదు, గట్టిగా పడింది. గదిలో పదకొండు మందిమి. టీలు వచ్చాయి, ఎవరూ ముట్టలేదు. దర్శకుణ్ణి మార్చాలని ఫిక్షన్ హెడ్, కథే బాగాలేదని మార్కెటింగ్, హీరోయిన్ చీరలు బాగాలేవని ఇంకొకరు. అరగంట గడిచింది.

మూలన ఒక షెడ్యూలింగ్ అమ్మాయి నిమిషం నిమిషానికి ఎందరు చూశారో చూపించే గీతను కాగితం మీద పెట్టుకుని ఉంది. చేరి ఏడాది కాలేదు. "సార్, 9:11 దాకా బాగానే ఉంది" అంది. 9:11కు మా మొదటి బ్రేకు. అది రోజూ ఉన్నదే కదా అన్నాను. "మనది రోజూ ఉన్నదే. పక్క చానల్ వాళ్ళు సోమవారం నుంచి తమ బ్రేకు మూడు నిమిషాలు ఆలస్యంగా ఇస్తున్నారు. మనం ప్రకటనల్లో ఉన్నప్పుడు వాళ్ళు కథలో ఉంటున్నారు. వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం లేదు" అంది. మా బ్రేకు 9:15కు జరిపాం. దర్శకుడి ఉద్యోగం, హీరోయిన్ చీరలు నిలిచాయి.

చల్లారిన టీ తాగింది ఆ అమ్మాయి ఒక్కతే.

ఒంగోలు గిత్త

ఇందాకటి నుంచి చూస్తున్నాను, డబ్బు మాట ఎవరూ ఎత్తడం లేదు. నేను ఒంగోలు కర్నూలు రోడ్డులో కూర్చుని ప్రకటనలు అమ్మేవాడిని, పద్నాలుగేళ్ళుగా. చానల్ హెడ్ కుర్చీకి దగ్గరి దారి మాది.

ప్రకటన రేటు పది సెకన్ల లెక్కన ఉంటుంది. ఒక స్లాటుకు ఎపిసోడ్ ఖర్చు ఇంత, అందులో ఎన్ని పది సెకన్లు అమ్ముడుపోతాయి, రేటు ఎంత? ఈ కూడికా తీసివేతా ఎవరి నోట్లో ఉంటే వాళ్ళ మాట యజమాని వింటాడు. మా వైపు రొయ్యల మేత కంపెనీలు ఒక కాలంలో, కాలేజీలు ఫలితాలు వచ్చిన వారంలో, నగల దుకాణాలు శ్రావణంలో. పంటల క్యాలెండరు లాగే ప్రకటనలకూ ఒక క్యాలెండరు ఉంది.

ఒక నగల దుకాణం యజమాని నన్ను కూర్చోబెట్టి చెప్పాడు: "నా ప్రకటన ఏడుపు సీను అయ్యాక వేయొద్దు. తాళి తెంచుకున్న సీను తరవాత నా నల్లపూసలు చూపిస్తే ఎవరు కొంటారయ్యా?" అప్పటిదాకా మా చానల్‌లో ఒక్కరికీ తట్టని మాట అది. నేను హైదరాబాదు ఫోను చేసి షెడ్యూలింగ్ వాళ్ళను బతిమాలితే, ఆ నెలంతా ఏ ఎపిసోడ్‌లో ఎక్కడ ఏడుస్తారో ముందే పంపించారు. నా దగ్గర ఏడుపుల జాబితా ఉండేది, నమ్ముతారా?

అట్లకాడ

ఏడుపుల జాబితాలో పొరపాటు ఉందని చెప్పండి ఆయనకు. నల్లపూసలు ఎప్పుడు చూపించినా చూస్తాం.

పెన్నా ఒడ్డు

మీరంతా వినోదం మాటలే చెబుతున్నారు. వార్తల వైపు ఇంకో లోకం. నేను కోవూరు నుంచి ఒక వార్తా చానల్‌కు కంట్రిబ్యూటర్ని. జీతం ఉండదు, వార్తకు ఇంత అని. అది కూడా ఇస్తే.

2021 నవంబరు వరద మీకందరికీ గుర్తుండే ఉంటుంది. పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, హైవే తెగింది, లారీలు బారులు తీరి ఆగిపోయాయి. నేను తెల్లవారుజాము నుంచి లైవులో ఉన్నాను. ఫోను చార్జింగ్ అయిపోతుంటే ఆగిన లారీ క్యాబిన్‌లో పెట్టుకుంటున్నాను. స్టూడియో నుంచి ఫోను: "ఇంకాస్త లోపలికి వెళ్ళి నిలబడు." "మోకాళ్ళ దాకా ఉన్నాను సార్." "నడుము దాకా అయితే బాగుంటుంది." వెళ్ళాను. చెప్పు ఒకటి పోయింది.

అప్పట్లో వార్తా చానళ్ళకు అసలు రేటింగులే లేవు. 2020 అక్టోబరులో రేటింగుల గోల్‌మాల్ కేసు బయటపడ్డాక బార్క్ వార్తా చానళ్ళ లెక్క ఇవ్వడం ఆపేసింది, 2022 మార్చిలో గానీ మళ్ళీ మొదలుకాలేదు. ఏ రేటింగు కోసం నన్ను నడుము దాకా దింపారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అలా దింపినాయన ఆ తరవాత రెండు మెట్లు ఎక్కాడు. నాకు ఆ నెల డబ్బులు ఏప్రిల్‌లో వచ్చాయి, చెప్పుల ఖర్చు రాలేదు.

మోడరేటర్

ఒక చానల్ పేరు, ఒక అధికారి పేరు పెట్టి రాసిన మూడు వ్యాఖ్యలు తీసేశాం. అనుభవం రాయండి, పేర్లు వద్దు.

సింగరాయకొండ స్టేషను

నా వ్యాఖ్య కూడా పోయింది, పర్వాలేదు. ఒక్కటి మాత్రం అడుగుతాను. వార్తల నుంచి వినోదానికీ, బయటి నుంచి చానల్‌కూ వెళ్ళి హెడ్ అయినవాళ్ళు నిజంగా ఉన్నారా, లేక అందరూ యజమాని బంధువులేనా?

దుర్గం మెట్లు

యజమాని బంధువులు ఉంటారు, కాదనను. కానీ బయటి నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. రతికాంత్ బసు ఐఏఎస్ అధికారి, దూరదర్శన్ డైరెక్టర్ జనరల్‌గా చేసి 1996లో స్టార్ టీవీకి అధిపతిగా వెళ్ళాడు. అప్పట్లో పెద్ద దుమారం అది. సర్కారు టీవీ నడిపిన మనిషి పోటీ చానల్ కుర్చీలో కూర్చోవడమా అని. ఉదయ్ శంకర్ విలేకరిగా మొదలై, వార్తా చానళ్ళు నడిపి, 2007లో స్టార్ ఇండియా సీఈఓ అయ్యాడు. వార్తల మనిషి, సీరియళ్ళ సామ్రాజ్యం. మన తెలుగులో రామోజీరావు గారి సంగతి వేరు. ఆయన కుర్చీ ఎక్కలేదు, కుర్చీ తయారుచేసుకున్నారు. మార్గదర్శి, ఈనాడు, ఆ తరవాత 1995లో ఈటీవీ.

కావలి అన్నగారు అడిగిన మూడో ప్రశ్నకు జవాబు బాకీ ఉంది. అయ్యాక ఎన్నాళ్ళు ఉంటాడు? చెప్పలేం. యజమాని మారితే కింద ఎఫ్‌పీసీ వేసేవాళ్ళు అలాగే ఉంటారు, రేపటి పట్టిక ఎవరో ఒకరు వేయాలి కదా. కదిలేది పై కుర్చీలు. 2015లో 'మా టీవీ' అనే చానల్‌ను స్టార్ కొన్నది. 2024 నవంబరులో స్టార్, వయాకామ్18 కలిసిపోయాయి. రెండు ఇళ్ళు కలిసినప్పుడు వంటింట్లో ఇద్దరు వంటవాళ్ళు మిగులుతారు. మెట్టు ఎక్కేకొద్దీ కాళ్ళ కింద చోటు తగ్గుతుంది. అది తెలిసే ఎక్కాలి.

ఇక నా సంగతి. చానల్ హెడ్ కుర్చీకి ఇంటర్వ్యూ జరిగింది. అటు ముగ్గురు. ఒకాయన అడిగాడు: "మీ పది గంటల స్లాటు నెలకు ఎంత నష్టం తెస్తోంది?" నేను ఆ సీరియల్ కథ ఎందుకు గొప్పదో పదిహేను నిమిషాలు చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "అది కాదు అడిగింది" అన్నాడు. అంకె నాకు తెలియదు. ఒంగోలు గిత్త గారి ఆ కూడికా తీసివేతా నా నోట్లో లేదు. ఇరవై నాలుగేళ్ళు అది వేరేవాళ్ళ పని అనుకున్నాను.

మీ అమ్మాయికి ఒక్కటే చెప్పండి. పట్టిక వేసేటప్పుడు ప్రతి గడి పక్కనా రెండు అంకెలు పెన్సిలుతో రాసుకోమనండి. ఆ ఎపిసోడ్‌కు అయిన ఖర్చు, అందులో వచ్చిన ప్రకటనల డబ్బు. ఎవరూ అడగరు. అడిగిన రోజున ఆమె దగ్గర ఉంటాయి.

పాత డిష్

మూడో అంకె కూడా రాసుకోమనండి. చందా. 2019 ఫిబ్రవరి 1 నుంచి కేబుల్ ధరలను నియంత్రించే ట్రాయ్ సంస్థ కొత్త టారిఫ్ వచ్చింది. అప్పట్లో 100 చానళ్ళకు 130 రూపాయలు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు. ఆపైన చందా చానళ్ళకు విడిగా కట్టాల్సి వచ్చింది. 19 రూపాయలు దాటిన చానల్‌ను ప్యాకేజీలో కలపకూడదన్నారు, అందుకే అప్పుడు ఎక్కడ చూసినా 19 అనే అంకె.

నాకు అదే ఆఖరి నెల. ఇంటింటికీ వెళ్ళి, ఏ చానళ్ళు కావాలో చెప్పించుకుని రాసుకున్నాం. మా ఆవిడ రాసిన ఆ నోటు పుస్తకం ఇప్పటికీ అటక మీద ఉంది. ఒక్కో ఇంటికి ఒక్కో వరుస: "ఈటీవీ, మా, జెమిని, జీ, పిల్లల బొమ్మలది, అరవం ఒకటి." ఇరవై ఆరేళ్ళు నేను ఎన్నో నంబరులో పెడితే అది చూసినవాళ్ళు మొదటిసారి నోరు తెరిచి తమకు ఏది కావాలో చెప్పారు. ముప్పై ఇళ్ళు దాటేసరికి నాకు ఒకటి అర్థమైంది. చాలామంది అడిగినవి నాలుగే చానళ్ళు. మిగతా తొంభై ఆరూ ఊరికే తిరిగినవే.

దుర్గం మెట్లు గారూ, డిస్ట్రిబ్యూషన్‌లో చేరమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నంబరు కాలం పోయింది.

అట్లకాడ

ఇంత చెప్పారు, మన ఊరి మాట ఒక్కటి రాలేదు. బాలు గారు నెల్లూరులో పెరిగినవారు కాదా? తిప్పరాజువారి వీధిలోని ఇంటిని 2020లో వేదపాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేశారు. ఆ సెప్టెంబరులోనే వెళ్ళిపోయారు. 'పాడుతా తీయగా' వచ్చే రోజు మా ఇంట్లో వంట ముందే అయిపోయేది. అలాంటిది ఇంకొకటి చేయమని చెప్పండి ఆ అమ్మాయికి.

దుర్గం మెట్లు

అమ్మా, ఆ మాట నాకు ఇరవై ఏళ్ళు గొంతులో ఉంది. 1996లో మొదలైన కార్యక్రమం. పిల్ల తప్పు పాడితే ఏడిపించేవారు కాదు, శ్రుతి ఎక్కడ జారిందో తానే పాడి చూపించేవారు. మా చానల్‌లో కొత్త పాటల షో అనుకున్న ప్రతిసారీ "ఇందులో డ్రామా తక్కువ" అని ఎవరో ఒకరు అనేవారు. నేను ఆ పేరు ఎత్తేవాడిని. "అది బాలు గారు సార్" అని నా నోరు మూయించేవారు. వాళ్ళ మాటా అబద్ధం కాదు.

కావలి బస్టాండు

రెండు వారాలు రాయలేదు, క్షమించండి. నిన్న రాత్రి సింహపురికి ఎక్కించాం. నేనూ వాళ్ళమ్మా ఉలవపాడు దాటేదాకా ఫోనులో మాట్లాడుతూనే ఉన్నాం, ఆపైన సిగ్నల్ పోయింది. సంచిలో మొలగొలుకుల బియ్యం పెట్టింది వాళ్ళమ్మ, హాస్టల్లో ఎవరు వండుతారో. మా కొట్టులోంచి రెండు పెన్సిల్ డబ్బాలు నేను పెట్టాను.

బావమరిది ఏమీ అనలేదు. "మన చానల్ ఎన్నో నంబరులో వస్తుంది?" అని మాత్రం అడిగాడు.

కావలి పెన్సిలు

నమస్కారం. నేను ఆ అమ్మాయిని. నాన్న చెబితే ఈ చర్చంతా చదివాను, రైలు టైమ్‌టేబుల్ మాట ఊరంతా తెలిసిందన్నమాట.

చేరి తొమ్మిది రోజులైంది. నాకు మధ్యాహ్నాలు ఇచ్చారు. ఒక చిక్కు. శుక్రవారం రెండున్నరకు పాత సినిమా, నిడివి 2 గంటల 41 నిమిషాలు. ఐదున్నరకు సీరియల్ రిపీటు తప్పనిసరిగా మొదలవ్వాలి. ప్రకటనలు కలిపితే 17 నిమిషాలు ఎక్కువవుతోంది. ఏవి కోయాలో నన్నే రాసుకుని రమ్మన్నారు. సినిమాలో ఆరు పాటలున్నాయి, నాలుగు పాటలు తీసేస్తే సరిపోతుంది. పాటలే తీయనా?

దుర్గం మెట్లు

అందరూ చేసేది అదే. కానీ నన్ను అడగకు, ఆ వేళ టీవీ ముందు ఉండేవాళ్ళను అడుగు.

అట్లకాడ

పాటలు తీయకమ్మా. రెండున్నరకు భోజనాలయ్యి నడుం వాలుస్తాం, టీవీ మోగుతూనే ఉంటుంది. నాలుగింటికి పాలవాడు వచ్చాక లేస్తాం. ఆ మధ్యలో పోట్లాటలు ఎన్ని తీసేసినా మాకు తెలియదు. పాట పోతే మాత్రం నిద్రలో కూడా తెలుస్తుంది.

కావలి పెన్సిలు

రాసుకున్నాను పెద్దమ్మా. పాలవాడు నాలుగింటికా, నాలుగున్నరకా?